సముద్రం వైపు పడకగదిలో ఏసీ: కంపెనీ పెట్టె నుంచి ఓపెన్ పెట్టె దాకా ఒక కేస్ స్టడీ

విశాఖలో ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ ఏసీలు, లైట్లు, నీళ్ల మోటార్లు వాటంతటవే నడిచేలా అమర్చడం నా పని. కంపెనీ పెట్టె అంటే లోపలి సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలోనే ఉండేది, ఓపెన్ పెట్టె అంటే ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా చదివి మార్చుకోగలిగేది. ఈ కేసులో నేను రెండుసార్లు తప్పు నిర్ణయం తీసుకున్నాను. రెండుసార్లూ ఆ రోజుకు అదే సరైనదనిపించింది. ఇదే పనిలో ఉన్నవాళ్లకూ, ఇంట్లో ఇలాంటిది పెట్టుకోవాలనుకునేవాళ్లకూ ఆ రెండు చోట్లా నేను ఎలా ఆలోచించానో తెలియాలని రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాశాను. ఎవరో గుర్తుపట్టే వివరాలూ, వాడిన పరికరాల కంపెనీల పేర్లూ తీసేశాను.

నేపథ్యం

సముద్రానికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్‌లో మూడు పడకగదుల ఫ్లాట్. ఉండేది భార్యాభర్తలిద్దరే, ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు. ఆయన రిటైరైన టీచరు, నేనూ మాస్టారూ అనే పిలుస్తాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. చల్లగాలి నేరుగా తగిలితే తెల్లారేసరికి కాళ్లు పట్టేస్తాయి. మాస్టారికి ఉక్క పడదు. ఇంట్లో రెండు ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీలున్నాయి, పడకగదిలో ఒకటిన్నర టన్నుది, హాల్లో ఒక టన్నుది. రెండూ వేర్వేరు కంపెనీలవి. కొడుకు అమెరికాలో ఉంటాడు.

విశాఖ వేడి విజయవాడ వేడిలాంటిది కాదు. ఇక్కడ థర్మామీటర్ 33 దగ్గరే ఉంటుంది, చొక్కా మాత్రం ఒంటికి అతుక్కుపోతుంది. ఈ ఊళ్లో ఏసీ చేయాల్సిన పనిలో పెద్ద భాగం గాలిలో తేమ తీయడమే. దీన్ని పట్టించుకోకుండా ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూసుకుంటూ పోతే ఏ పెట్టె పెట్టినా నిద్ర పట్టదు. నాకది తెలుసు. తెలిసీ మొదటి విడతలో దాన్ని పక్కన పెట్టాను.

అసలు సమస్య

సాయంత్రం మాస్టారు రిమోట్ తీసి 20 పెడతారు. రాత్రి రెండింటికి ఆవిడ చలికి లేచి ఏసీ కట్టేస్తారు. మూడున్నరకి ఆయన చెమటతో లేచి మళ్లీ వేస్తారు. ఏళ్ల తరబడి ఇదే వరస. నన్ను పిలిచే నాటికి ఆవిడ హాల్లో దివాన్ మీద పడుకోవడం మొదలుపెట్టారు. కొడుకు ఫోన్లో చెప్పింది కరెంటు బిల్లు గురించి. నాకు ఇబ్బందిగా కనిపించింది ఆ దివానే. పని అయిందో లేదో దాన్ని బట్టే తేల్చుకోవాలని అప్పుడే అనుకున్నాను.

మొదటి రోజే ఒక పని చేశాను. మంచానికి మాస్టారి వైపు గోడకి చిన్న ఫ్యాన్ బిగించాను. ఒంటి మీద గాలి కదులుతుంటే ఆయనకి 25 దగ్గర కూడా హాయిగా ఉంటుంది, ఆ గాలి ఆవిడ దాకా పోదు. తగువు సగం అక్కడే తగ్గింది.

సూట్‌కేసులో వచ్చిన థర్మోస్టాట్

కొడుకు తన ఇంట్లో వాడుతున్నలాంటి గోడ థర్మోస్టాట్ ఒకటి అమెరికా నుంచి తెచ్చాడు. గుండ్రంగా, అందంగా ఉంది. దాన్ని ఇక్కడ ఎందుకు బిగించలేమో కొడుక్కి విప్పి చూపించాల్సి వచ్చింది.

అక్కడి ఇళ్లలో ఫర్నేస్ (ఇల్లు వేడి చేసే యంత్రం), ఏసీ ఇల్లంతటికీ కలిపి ఒకటే ఉంటాయి. గోడ మీది థర్మోస్టాట్ 24 వోల్టుల సన్నటి తీగలతో వాటికి ‘వెయ్యి’, ‘ఆపు’ అని చెబుతుంది. వేడికి ఒక తీగ, చలికి ఒకటి, ఫ్యాన్‌కి ఒకటి. మన స్ప్లిట్ ఏసీలో అలాంటి తీగలు బిగించే చోటే లేదు. ఇండోర్ యూనిట్‌లోని బోర్డే థర్మోస్టాట్, అదే బయటి కంప్రెసర్‌ని ఎంత వేగంతో తిప్పాలో చెబుతుంది. బయటివాళ్లు దానితో మాట్లాడే మామూలు దారి రిమోట్ ఒక్కటే. పోనీ థర్మోస్టాట్‌తో ఏసీకి వచ్చే 230 వోల్టుల సప్లైనే కట్ చేస్తే? ఇన్వర్టర్ ఏసీకి అంతకంటే చెరుపు లేదు. నెమ్మదిగా తిరుగుతూ తక్కువ కరెంటు తాగడమే దాని గొప్ప. మాటిమాటికీ పీక నొక్కితే ఆ లాభమూ పోతుంది, బోర్డూ పాడవుతుంది. డబ్బా సూట్‌కేసులోకే వెళ్లిపోయింది.

దీని వల్ల తేలిందొకటుంది. కంపెనీ థర్మోస్టాటా, ఓపెన్ థర్మోస్టాటా అన్న చర్చ ఎక్కువగా అమెరికా, యూరప్ ఇళ్లను దృష్టిలో పెట్టుకుని నడుస్తుంది. అలాంటి గోడ థర్మోస్టాట్లు చేసే నెస్ట్ సంస్థను గూగుల్ 2014లో కొంది. 2011, 2012 నాటి మొదటి రెండు తరాల నెస్ట్ థర్మోస్టాట్లకు 2025 అక్టోబర్ 25తో సపోర్ట్ ఆపేసింది. యాప్ పోయింది, కానీ గోడ మీది చక్రం తిప్పితే అవి ఇంకా పనిచేస్తాయి. మనం ఇక్కడ వాడేవి రిమోట్‌లా సిగ్నల్ పంపే ఇన్‌ఫ్రారెడ్ డబ్బాలు, కంపెనీ సర్వర్ (క్లౌడ్) మీద నడుస్తాయి. వాటిలో చాలావాటికి తిప్పడానికి చక్రమే లేదు. సర్వర్ పోతే మిగిలేది నల్లటి ప్లాస్టిక్ ముక్క. ఈ తేడాని నేను అప్పుడే పట్టుకుని ఉంటే ఆరు నెలలు కలిసొచ్చేవి.

మొదటి ప్రయత్నం: కంపెనీ పెట్టె

ఏసీ కంపెనీ వాళ్ల వైఫై మాడ్యూల్ పెట్టవచ్చు, కానీ అది పడకగది ఏసీకే కుదురుతుంది. హాల్లో దానికి వేరే యాప్ కావాలి. అందుకని రెండింటినీ నడిపే ఇన్‌ఫ్రారెడ్ డబ్బాలు పెట్టాను. రిమోట్ పంపే సిగ్నల్‌నే ఇవీ పంపుతాయి. అమరిక అంతా కంపెనీ క్లౌడ్‌లో ఉంటుంది.

ఎందుకు ఒప్పుకున్నానో దాచను. బిగించడానికి గంట పట్టింది. వారంటీ ఉంది. అమెరికా నుంచి కొడుకు ఫోన్లో చూసుకోగలడు. నేను మళ్లీ మళ్లీ రానక్కర్లేదు. రాత్రి 11కి 24, ఒంటిగంటకి 25, మూడింటికి 26 అని షెడ్యూల్ పెట్టాను. 24 నుంచి మొదలుపెట్టడానికి కారణముంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలని నిబంధన. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. కొన్ని వారాలు బాగానే నడిచింది. ఆవిడ దివాన్ వదిలి గదిలోకి వచ్చారు.

తర్వాత ఒక పొద్దున ఆవిడే ఫోన్ చేశారు. “పైకి నొక్కితే చలి తగ్గాలి కదా బాబూ, నాకేటి ఎక్కువైపోతంది?”

వెళ్లి కూర్చుని, రిమోట్ చేతిలో పెట్టుకుని చూశాను. టీవీ రిమోట్‌లో ప్లస్ నొక్కితే ‘ఒకటి పెంచు’ అన్న మాట ఒక్కటే పోతుంది. ఏసీ రిమోట్ అలా కాదు. ఏ బొత్తాం నొక్కినా మొత్తం చిట్టా చదివి వినిపిస్తుంది: కూల్ మోడ్, ఇన్ని డిగ్రీలు, ఫ్యాన్ ఇంత, రెక్క ఇటు. ఆ చిట్టా ఉండేది రిమోట్ తెర మీదే. సాయంత్రం మాస్టారు రిమోట్‌లో 20 పెట్టారు. పదకొండు నుంచి డబ్బా ఏసీని 24కి, 25కి తీసుకెళ్లింది, మూడు దాటాక 26కి చేర్చింది. రిమోట్‌కి ఆ సంగతి తెలియదు, దాని తెర మీద ఇంకా 20 ఉంది. తెల్లవారుజామున ఆవిడకి కొంచెం చలేసి ప్లస్ నొక్కారు. రిమోట్ 21 అంది. 26లో ఉన్న ఏసీ 21కి దిగిపోయింది. ఆవిడ మళ్లీ నొక్కారు, 22. చలి ఇంకా ఎక్కువగానే ఉంది. కట్టేసి హాల్లోకి వెళ్లిపోయారు.

ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్లూ సరైన పని. తప్పంతా నేను పెట్టిన అమరికది. డబ్బాకి నోరుంది గానీ చెవి లేదు. రిమోట్ ఏమి చెప్పిందో అది వినదు. ఆ కంపెనీకి రాశాను, అలాంటి సౌకర్యం లేదన్నారు. లోపలి సాఫ్ట్‌వేర్ మార్చుకునే వీలు మనకి లేదు.

మిగతా ఇబ్బందులు త్వరగా చెబుతాను. షెడ్యూల్‌లో ఉష్ణోగ్రత, తేమ రెండూ కలిపి షరతు పెట్టడం కుదరలేదు. ఒక గాలివాన రాత్రి ఇంటర్నెట్ పోయింది, షెడ్యూల్ ఆగిపోయింది, తెల్లారేదాకా ఏసీ చివరి అంకె మీదే ఉండిపోయింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేకుండా బతికినవాళ్లం మనం. అంత తుపాను అక్కర్లేదు, మామూలు గాలివానకే కేబుల్ తెగుతుంది. ఇక్కడ ఏ అమరిక చేసినా నెట్ లేని రాత్రిని మామూలు రాత్రిగానే లెక్కేసుకోవాలి.

అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ సంస్థ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆ ఉదాహరణ కొడుక్కి నేనే చెప్పాను. ఓపెన్‌కి మారదామన్నాను. అతను సరేనన్నాడు.

రెండో ప్రయత్నం: ఓపెన్, కానీ నా చేతిలో

గదికో ఈఎస్‌పీ32 బోర్డు, అంటే వైఫై ఉన్న చిన్న చిప్ బోర్డు, దాని మీద దాన్ని నడిపే ఈఎస్‌పీహోమ్ అనే ఓపెన్ సాఫ్ట్‌వేర్. సిగ్నల్ పంపడానికి ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, రిమోట్ మాట వినడానికి మూడు కాళ్ల రిసీవర్. ఏసీలు వాడే 38 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ని ఆ రిసీవర్ పట్టుకుంటే, బోర్డు చిట్టా మొత్తం విప్పి చెబుతుంది. అన్నింటికీ పెద్దగా హాల్లో ఒక చిన్న కంప్యూటర్, దాని మీద ఇంట్లోని పరికరాలన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే హోమ్ అసిస్టెంట్ అనే ఓపెన్ సాఫ్ట్‌వేర్. పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే కాబట్టి ఆగలేకపోయాను. ఇరవై దాకా నియమాలు రాశాను. గోడకి ట్యాబ్లెట్ తగిలించాను. అందులో గ్రాఫులు.

మాస్టారు ఆ ట్యాబ్లెట్‌ని వారం రోజులు చూశారు. తర్వాత దాని మీద తువ్వాలు వేలాడింది.

అసలు దెబ్బ కరెంటు కోతలతో తగిలింది. ఒకే సాయంత్రం మూడుసార్లు కరెంటు పోయి వచ్చింది. చిన్న కంప్యూటర్‌లోని మెమరీ కార్డు పాడైంది, హోమ్ అసిస్టెంట్ లేవలేదు. నేను విజయనగరంలో వేరే పని మీద ఉన్నాను. ఆ రాత్రి పడకగది ఏసీ ప్రతి పావుగంటకూ ‘టింగ్’మంటూ 24కి మారిపోయింది. మాస్టారు తగ్గించుకుంటే పావుగంటకి మళ్లీ టింగ్.

కారణం తర్వాత దొరికింది. ఈఎస్‌పీహోమ్ బోర్డుకి హోమ్ అసిస్టెంట్ 15 నిమిషాలు కనిపించకపోతే అది తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. డిఫాల్ట్ అమరిక అదే. బోర్డు మొదలవగానే ఏసీకి 24 పంపాలని నేనే రాసిపెట్టాను. విడివిడిగా చూస్తే రెండూ మంచివే, కలిస్తే ఆ రాత్రి ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు. నేను మూడో రోజుకి గానీ వెళ్లలేకపోయాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. కాఫీ ఇచ్చారు. దివాన్ మీద దిండూ దుప్పటీ మడతపెట్టి ఉన్నాయి.

ఆ కాఫీ తాగుతూ ఆలోచించింది ఇదీ. కంపెనీ సర్వర్ మీద ఆధారపడకూడదని చెప్పి, వాళ్లని నా మీద ఆధారపడేలా చేశాను. కంపెనీకి కనీసం కస్టమర్ కేర్ నంబరుంది, ఇక్కడ ఉన్నది నా ఫోన్ ఒక్కటే. సాఫ్ట్‌వేర్ అంతా బహిరంగమే, ఎవరైనా చదవొచ్చు. కానీ ఆ ఇంట్లో చదవగలిగేవాళ్లు లేరు. అమెరికాలో ఉన్న కొడుకు చదవగలిగినా చేత్తో కార్డు మార్చలేడు. అలాంటి ఓపెన్ ఆ ఇంటి వరకు తాళం వేసిన పెట్టెతో సమానం.

కంపెనీ పెట్టెకే తిరిగి వెళ్దామా అని నిజంగా ఆలోచించాను. రిమోట్ మాట వినాలి, తేమ చూడాలి, నెట్ లేకున్నా నడవాలి. ఈ మూడూ ఉన్న డబ్బా నాకు దొరకలేదు. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడేందుకు పెట్టుకున్న మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణంలో 1.2 వెర్షన్‌తో 2023లో గది ఏసీలు చేరాయి. కానీ ఈ ఇంట్లోవి పాత ఏసీలు. బాగా నడుస్తున్నవాటిని మార్చమనడానికి మనసొప్పలేదు. కాబట్టి ఓపెన్‌లోనే ఉండి, నన్ను మధ్యలోంచి తీసేయాలి.

పనిచేసింది ఏమిటి

ముందు నియమాలు చెరిపాను. ఇరవైలో మూడు మిగిల్చాను. ఆ మూడింటినీ హోమ్ అసిస్టెంట్‌లోంచి తీసి బోర్డులోకే మార్చాను. ఈఎస్‌పీహోమ్‌లో నియమాలు చిప్ మీదే నడుస్తాయి, పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. పావుగంట రీస్టార్ట్‌ని సున్నా చేశాను, వైఫైకి విడిగా ఉన్న అలాంటి అమరికను కూడా. మొదలవగానే సిగ్నల్ పంపడం తీసేశాను. నెట్ లేనప్పుడు కరెంటు పోయి వస్తే బోర్డుకి టైమ్ తెలియదు, రాత్రి నియమం నడవదు. అందుకని బొత్తాం సెల్‌తో నడిచే చిన్న గడియారం చిప్ కలిపాను. హోమ్ అసిస్టెంట్‌కి ఇప్పుడు రికార్డు ఉంచడం, కొడుక్కి చూపించడం తప్ప వేరే పని లేదు. మెమరీ కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ అనే డిస్కు పెట్టాను. అది చచ్చిపోయినా గదిలో ఎవరికీ తెలియకూడదు.

ఇక సెన్సర్. ఏసీ తన లోపలికి పీల్చుకునే గాలిని, అంటే సీలింగ్ దగ్గరి గాలిని కొలుస్తుంది. నేను ఆవిడ తల వైపు, మంచం ఎత్తులో పెట్టాను. మొదట పెట్టిన చవక రకం సెన్సర్ కిటికీ పక్కన రెండు నెలల్లో 99 శాతం తేమ దగ్గర ఇరుక్కుపోయింది. విప్పితే కాళ్లకి ఆకుపచ్చ పొర. ఉప్పుగాలి తినేసింది. రెండోసారి కొంచెం ఖరీదైన ఎస్‌హెచ్‌టీ31 రకం సెన్సర్ తీసుకుని, బోర్డు మొత్తానికి రక్షణ లక్క పూసి, సెన్సర్ ముఖం మాత్రం వదిలేశాను. లక్క దాని మీద పడితే గాలి అందదు. కిటికీకి దూరంగా బిగించాను.

తేమ లెక్కలో నాకు పనికొచ్చింది మంచు బిందువు, అంటే గాలి ఎంత చల్లబడితే నీళ్లు కారడం మొదలవుతుందో ఆ అంకె. ఒక రాత్రి రికార్డులో గది 26.5 డిగ్రీలు, తేమ 74 శాతం. మంచు బిందువు సుమారు 21.5. మాస్టారు ఉక్కతో లేచారు. ఇంకో రాత్రి అదే 26.5, తేమ 55 శాతం. మంచు బిందువు 17కి కాస్త కింద. ఇద్దరూ కదల్లేదు. థర్మోస్టాట్‌కి ఆ రెండు రాత్రులూ ఒకటే. ఇన్వర్టర్ ఏసీ కోరిన అంకె అందుకోగానే కంప్రెసర్‌ని నెమ్మదింపజేస్తుంది. లోపలి కాయిల్ అంత చల్లగా ఉండదు, తేమ తీయడం తగ్గుతుంది. అందుకని మొదటి నియమం: మంచు బిందువు 20 దాటితే కాసేపు డ్రై మోడ్, అంటే ముఖ్యంగా తేమ తీయడానికి ఏసీలో ఉండే మోడ్. చాలా ఏసీల్లో డ్రై మోడ్‌లో ఫ్యాన్ తక్కువలోనే ఉంటుంది కాబట్టి ఆవిడకి గాలి కొట్టదు. రెండోది, రాత్రి మెల్లగా డిగ్రీలు పెంచడం. మూడోది, మనిషి ఏదైనా నొక్కితే ఆ రాత్రికి ఆ మాటే చెల్లుతుంది.

నొక్కడం దగ్గర చాలా రోజులు తన్నుకున్నాను. రిసీవర్ రిమోట్ మాట వింటుంది, సరే. కానీ రిమోట్ తెర మీది అంకెని మనం మార్చలేం. తెర మీద 21, ఏసీ మీద 27 కనిపిస్తే ఏ మనిషికైనా అయోమయమే. చివరికి అంకెలే వద్దనుకున్నాను. మంచం తల దగ్గర చెయ్యి చాస్తే తగిలే చోట స్విచ్ బోర్డు ప్లేటు మీద రెండు పెద్ద బెల్ బొత్తాలు పెట్టాను. ఒకదాని కింద ‘చలి’, ఇంకోదాని కింద ‘ఉక్క’ అని రాయించాను. చలి నొక్కితే ఒక డిగ్రీ పెరుగుతుంది, ఫ్యాన్ తగ్గుతుంది. ఉక్క నొక్కితే బోర్డు తేమ చూసి, ఒక డిగ్రీ తగ్గించాలో డ్రైకి వెళ్లాలో తేల్చుకుంటుంది. ఏమనిపిస్తుందో చెబితే చాలు, మిగతాది అది చూసుకుంటుంది. రిమోట్‌ని మంచం పక్క సొరుగులో ఉంచాం. బోర్డు పాడైతే అది తీసుకుని మామూలుగా వాడుకోవడమే.

మొదటి రాత్రి ఆవిడ చీకట్లో తడుముకుని నొక్కారట. చలి బొత్తానికి చిన్న బుడిపె ఉంటే బాగుంటుందన్నారు. మర్నాడు దాని మీద బిందీ అంటించి చూపించారు. ఇప్పటికీ అదే ఉంది.

బిగించాక నేను చేసిన పరీక్ష ఒక్కటే. రౌటర్ ప్లగ్ తీసేశాను, హోమ్ అసిస్టెంట్ కంప్యూటర్ కట్టేశాను, నా ఫోన్ స్విచ్ ఆఫ్ చేస్తానని చెప్పి ఇంటికెళ్లిపోయాను. రెండు రాత్రులు అలాగే వదిలేశాం. గది మామూలుగానే నడిచింది.

కొడుకు చూడటానికి వీపీఎన్ పెట్టాను, అంటే బయటి నుంచి ఇంటి నెట్‌లోకి భద్రంగా వచ్చే దారి. వాళ్ల బ్రాడ్‌బ్యాండ్‌లో బయటి నుంచి నేరుగా లోపలికి రావడం కుదరదు. ఇక్కడ ఒక విషయం నేను ముందు ఊహించలేదు. కొడుకు రికార్డు చూసి, “రాత్రి మూడింటికి రెండుసార్లు ఎందుకు లేచావమ్మా?” అని అడిగాడు. ప్రేమతోనే అడిగాడు. ఆవిడకి మాత్రం నచ్చలేదు. “నా నిద్ర కూడా వాడికి లెక్క చెప్పాలేటి బాబూ?” అన్నారు నాతో. బొత్తాల నొక్కుడు బోర్డు దాటి బయటికి పోకుండా ఆపేశాను. కొడుక్కి గది ఉష్ణోగ్రత, తేమ, ఏసీ నడుస్తోందా లేదా, అంతవరకే. కంపెనీ డబ్బాలో ఏది ఎవరికి వెళ్లాలో ఇలా ఎంచుకునే వీలు మాకు ఉండేది కాదు. ఈ కేసులో ఓపెన్ వైపు మొగ్గడానికి దీన్ని నేను తేమ నియమంతో సమానమైన కారణంగా చూస్తాను.

ఇంకొకరికైతే

అందరికీ ఇదే చెప్పను. మధురవాడలో పదకొండు నెలల అగ్రిమెంట్ మీద అద్దెకుండే కుర్రాళ్లు అడిగితే కంపెనీ ఇన్‌ఫ్రారెడ్ డబ్బానే కొనుక్కోమంటాను. రాత్రి లేచి రిమోట్ నొక్కే పెద్దవాళ్లు లేరు, ఇల్లు మారితే డబ్బా జేబులో వేసుకుని పోవచ్చు. కొత్తగా ఏసీ కొనేవాళ్లయితే నెట్ లేకుండా ఇంట్లోనే నడుస్తుందా అని షాపులోనే అడిగి, వీలైతే రౌటర్ కట్టేయించి చూపించమంటాను. ఓపెన్ కావాలని పట్టుబట్టేవాళ్లని నేను మొదట అడిగేది, మీ వీధిలో దీన్ని విప్పగలిగే మనిషి ఎవరని. లేకపోతే ఆ మనిషిని తయారు చేయడం కూడా నా కొటేషన్‌లోకే వస్తుంది.

ఈ ఇంట్లో ఆ మనిషి వాళ్ల అపార్ట్‌మెంట్‌కి వచ్చే ఎలక్ట్రీషియన్ కుర్రాడు. రెండు ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పాను. బోర్డులోని ప్రోగ్రామ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో, ఏ తీగ ఎక్కడికో తెలుగులో ఒక్క పేజీ. రెండూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు అంటించాం. ఒక స్పేర్ బోర్డు ప్రోగ్రామ్ వేసి అదే సొరుగులో రిమోట్ పక్కన ఉంచాం.

మొన్న వానాకాలంలో పడకగది సెన్సర్ అంకెలు పిచ్చిగా చూపించడం మొదలుపెట్టింది. నేను పాడేరులో ఉన్నాను, సిగ్నల్ లేదు. కిందికి దిగాక వాట్సాప్‌లో ఫొటో వచ్చి ఉంది: కొత్త సెన్సర్, దాని ముఖం వదిలి చుట్టూ లక్క, పక్కన పాతదాని కాళ్ల మీద ఆకుపచ్చ పొర. కింద ఆ కుర్రాడు రాశాడు, “అన్నా, మార్చేశాను. అమ్మగారు నొక్కి చూశారు, పని చేస్తోంది.”